పన్నెండో సీసా

ఇప్పటికీ మా ఇంట్లో ఏ సీసా వెలితిగా కనిపించినా నా చెయ్యి ఊరుకోదు. మెడ దాకా నింపితేగాని మనసు కుదుటపడదు. "మామయ్యగారూ, అది కొబ్బరినూనండీ!" అని మా కోడలు ఒకసారి నీళ్ళ చెంబుతో సహా నన్ను పట్టుకుంది. ఇంట్లో అందరికీ అదొక నవ్వులాట. ఈ అలవాటు ఒకప్పుడు ఎంత పని చేసిందో వాళ్ళకి నేను చెప్పలేదు. రైల్వేలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు ఎవరైనా చదువుతారేమోనని ఇప్పుడు రాస్తున్నాను.

ఇది అరవైలలో, ఖరగ్‌పూర్‌లో జరిగింది. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ వర్క్‌షాపులో ఫిట్టరుగా స్థిరపడ్డారు. నేను బ్యాటరీ షాపులో చేరాను. ఆ రోజుల్లో రైలు బోగీలో దీపం వెలగాలంటే బోగీ కింద వేలాడే బ్యాటరీలే దిక్కు. బోగీకి పన్నెండు సెల్లులు. బండి తిరిగే కొద్దీ వాటిలో నీళ్ళు తగ్గుతాయి. బండి వచ్చి ఆగగానే మూతలు తీసి, డిస్టిల్ వాటర్‌తో గుర్తు దాకా నింపి, యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చెప్పే హైడ్రోమీటరు ముంచి చూసి, అంకె కార్డు మీద రాయాలి. దాదాపు పదేళ్ళు ఇదే పని చేశాను.

నాకు పని నేర్పిన మిస్త్రీ మా ఊరివైపు మనిషే. గొంతు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది.

"సెల్లులో నీళ్ళు తగ్గినాయనుకో, ప్లేటు ఎండిపోద్ది. ప్లేటు ఎండితే సెల్లు సచ్చిపోద్ది. సెల్లు సచ్చిపోతే నాను నిన్ను సంపెత్తాను" అనేవారు.

ఇంకో సంగతి కూడా ఆయన నా బుర్రలోకి ఎక్కించారు. ఒకసారి నేను ఒక సెల్లుని కొలవకుండానే పక్కదాని అంకె చూసి కార్డు మీద రాసేశాను. ఆ బోగీలో దీపాలు దారి మధ్యలో ఆరిపోయాయి. ఆయన ఆ కార్డు తెచ్చి నా ముందు పెట్టి, చెంప మీద ఒక్కటిచ్చారు. "కొలవనేదా? గీత పెట్టు. అంకె ఏటికి రాసినావు? గీత సూత్తే రెండోవోడు కొలుత్తాడు. అంకె సూత్తే నమ్మేత్తాడు" అన్నారు. ఆ తర్వాత నా కార్డుల్లో గీతలు కాస్త ఎక్కువే కనిపించేవి.

యాసిడ్ గాలికి నాకు దగ్గు పట్టుకుంది. రైల్వే ఆసుపత్రిలో డాక్టరు తేలిక పని ఇవ్వమని రాశారు. అలా నీళ్ళ ల్యాబొరేటరీకి వచ్చాను. ఇంజన్ బాయిలర్లలో పోసే నీళ్ళు, కాలనీ కుళాయిల్లో వచ్చే కాంసై నది నీళ్ళు అక్కడ పరీక్ష చేస్తారు. పెద్ద కెమిస్టు బెంగాలీ ఆయన. మాతో హిందీలో మాట్లాడేవారు, కోపం వస్తే బెంగాలీలో. మా ల్యాబులో ఒక మంచి మైక్రోస్కోపు ఉండేది. ఎండాకాలంలో రిజర్వాయరులో పాచి పెరిగి వడపోత మడులు పూడుకుపోతాయి కాబట్టి, పాచి ఎంతుందో ముందే లెక్కపెట్టడానికి దాన్ని తెప్పించారు. సీసాలు కడగడం, బల్లలు తుడవడం, ఆ మైక్రోస్కోపుకి గుడ్డ కప్పడం నా పని.

ఆ మైక్రోస్కోపు కోసమే టీచరమ్మ వచ్చింది. మా ఊళ్ళోనే ఖరిదా పేటలో ఉండే తెలుగు క్రిస్టియన్ల అమ్మాయి. తండ్రి రిటైరైన గార్డు, తల్లి ఆసుపత్రిలో నర్సు. నా దగ్గుకి సూదులన్నీ ఆ తల్లే వేసింది. అమ్మాయి కలకత్తాలో ఒక కాలేజీలో టెంపరరీగా పాఠాలు చెప్పేది. శనివారం శనివారం లోకల్‌లో ఇంటికి వచ్చేది. ఆమెకి కాలేజీలో తన పరిశోధనకి మైక్రోస్కోపు దొరకలేదు. మా పెద్ద సారుని అడిగితే, "శనివారం మధ్యాహ్నం ఖాళీయే, ఠీక్ హై" అన్నారు.

ఆమె చేసే పరిశోధన ఏమిటో నాకు మొదట అర్థం కాలేదు. సముద్రంలో గడ్డి లెక్కపెడుతుందట. సముద్రంలో గడ్డేమిటి?

"ఇటు రండి అన్నయ్యా, సూడండి" అని ఒకరోజు తన కుర్చీ ఖాళీ చేసి కూర్చోబెట్టింది. మైక్రోస్కోపు కింద పూరీ సముద్రం నీళ్ళ చుక్క ఉంది. చూశాను. గాజు డబ్బాలు! గుండ్రంగా కొన్ని, సన్నగా సూదుల్లా కొన్ని, ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని బోగీల్లా వరసగా కొన్ని. ఒక్కోదాని లోపల బంగారు రంగు చుక్కలు. కంటికి కనపడని మొక్కలట అవి. వేర్లుండవు, ఆకులుండవు. ఎండ పడితే చాలు, తమ తిండి తామే వండుకుంటాయట. చేప తినేది, తిమింగలం తినేది, చివరికి లెక్క తేల్చి చూస్తే వీటినేనట.

నాకు కళ్ళు తిరిగినంత పనైంది. పది నిమిషాలు లేవలేదు. టీ తాగడానికి కూడా వెళ్ళలేదు.

"అయితే ఎక్కువ కనపడిన చోట ఎక్కువ వండుతున్నట్టేనా అమ్మా?" అని అడిగాను.

ఆమె నా వైపు మెచ్చుకోలుగా చూసింది. "అదే కదా అసలు సంగతి! ఎన్ని ఉన్నాయనేది ఒకటి, రోజుకి ఎంత వండినాయనేది ఒకటి. మీ కేంటీన్‌లో పళ్ళెం ఖాళీగా ఉందనుకోండి. ఏటని అర్థం? వండలేదా, వండినవన్నీ తినేసినారా?"

"మా కేంటీన్ సంగతైతే వండలేదనే" అన్నాను. ఆమె పడి పడి నవ్వింది.

తర్వాత ఆమె పన్నెండు సీసాల గురించి చెప్పింది. కలకత్తాలో ఆమె ప్రొఫెసరుకి తెలిసినాయన ఒకరు విదేశీ ఓడలో దక్షిణ ధ్రువం వైపు వెళ్ళారట. ఆ దారిలో పన్నెండు చోట్ల సముద్రం నీళ్ళు పట్టి, పాడవకుండా మందు కలిపి పంపారట. పదకొండు సీసాలు విశాల సముద్రంలోవి. పన్నెండోది ఒక్కటే, కరుగుతున్న మంచుగడ్డ పక్కన బకెట్టుతో తోడినది.

"అక్కడ ఆర్నెల్లు సీకటి, ఆర్నెల్లు వెలుతురు అన్నయ్యా. సూర్యుడొచ్చి మంచు కరగడం మొదలైతే ఆ కరిగిన తేలిక నీరు పైనే ఉండిపోద్ది. దాంట్లో ఈ మొక్కలు కిందకి దిగిపోకుండా వెలుతుర్లోనే ఉంటాయి. అందుకని మంచు పక్కన నీళ్ళు పచ్చగా ఉంటాయని నా అనుమానం. ఆ పన్నెండో సీసాలో లెక్క బాగా ఎక్కువొస్తే నా అనుమానం నిజమే."

ఆ ఏడాదిలోపు థీసిస్ ఇస్తే ఆమె ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. ఇవ్వకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. మళ్ళీ సీసాలు తెప్పించుకుందామంటే ఓడ ఎప్పుడు వెళ్తుందో, ఎవరు పంపుతారో తెలియదు. ఇదంతా ఆమె నాకు వివరంగానే చెప్పింది. అందుకే తెలియక చేశానని అనుకోవడానికి కూడా నాకు వీలు లేదు.

ఒక శనివారం ఆమె సీసాల పెట్టె మోయించుకుని వచ్చింది. ఆరోజు టైము లేదు. మూత కూడా తెరవకుండా బీరువాలో పెట్టించింది.

"వచ్చే శనివారం మొదలెడతాను అన్నయ్యా. ఎవరూ ముట్టుకోకుండా సూడండి."

"ఎవర్నైనా ముట్టుకోనిస్తానేటమ్మా!" అన్నాను. ఆ 'ఎవరూ'లో నేను కూడా ఉంటానని నాకు తట్టలేదు.

సోమవారం బీరువా తుడుస్తూ ఆ పెట్టె మూత ఎత్తాను. చెక్క పెట్టె, లోపల పన్నెండు గదులు, గదికో సీసా. అచ్చం బోగీ కింద బ్యాటరీ పెట్టె. కొన్నింటిలో నీళ్ళు మెడ దాకా, కొన్నింటిలో ముప్పావు, ఒకదానిలో సగమే. అంత దూరం నుంచి వచ్చేసరికి తగ్గిపోయాయి కాబోలు, పాపం టీచరమ్మ చూసుకోలేదు అనుకున్నాను. కుళాయి నీళ్ళు పోస్తే తప్పు. నేనేం అంత తెలివితక్కువవాణ్ణి కాదు. డిస్టిల్ వాటర్ డబ్బా తెచ్చి, గరాటు కడిగి, మొదటి సీసా నుంచి వరసగా మెడ దాకా నింపుకుంటూ వచ్చాను. చుక్క కింద పడలేదు. చివర్లో డబ్బాలో నీళ్ళు అయిపోయాయి. ఇంకోటి తేవడానికి లేచాను. ఇంతలో వర్క్‌షాపు సైరన్ మోగింది. భోజనానికి వెళ్ళాను. వచ్చి పెట్టె మూత వేశాను.

శనివారం ఆమె పెట్టె తెరిచి, సీసాలు ఒక్కొక్కటే ఎత్తి చూసింది.

"అన్నయ్యా, ఇవన్నీ ఒకే మట్టంలో ఉన్నాయేటి?"

"తగ్గిపోతే నేనే టాప్ చేసినానమ్మా. డిస్టిల్ వాటరే" అన్నాను, శభాష్ అంటుందని.

ఆమె ముఖం పాలిపోయింది. స్టూలు మీద కూలబడింది. "లీటరుకి ఎన్ని ఉన్నాయో సెప్పాలి అన్నయ్యా నేను. మీరు ఎంత నీరు పోసినారో తెలీకుండా ఎలగ సెప్పను? పట్టినప్పుడే కొన్నింటిలో తక్కువ పట్టినారు. అవి తగ్గినవి కావు."

అప్పుడర్థమైంది. పాలలో నీళ్ళు పోసి, ఎంత పోశానో మర్చిపోయి, చిక్కదనం చెప్పమన్నట్టుంది నా పని. ఏదో ఒకటి చెయ్యాలి కదా, బ్యాటరీ షాపుకి పరిగెత్తి హైడ్రోమీటరు పట్టుకొచ్చాను. సీసాలో ముంచి చూస్తే ఎంత పలచబడిందో తెలుస్తుందని నా ఆశ.

పెద్ద సారు అప్పుడే వచ్చారు. సంగతంతా విని బెంగాలీలో ఒక నిమిషం ఆగకుండా తిట్టారు. తర్వాత నా చేతిలోని హైడ్రోమీటరు చూసి ఆగిపోయారు.

"ఇది ముంచితే ఉన్న కాస్త గడ్డీ దీనికే అంటుకుంటుంది" అన్నారు హిందీలో. "కానీ వీడి ఆలోచన తప్పు కాదు. సముద్రం నీళ్ళలో ఉప్పుంది. వీడు పోసిన నీళ్ళలో లేదు. మనం రోజూ చేసే పనేమిటి? బాయిలర్ నీళ్ళలో ఉప్పు చూడటమేగా!"

పైనున్న తేట నీరు ఒక్క మిల్లీలీటరు తీస్తే చాలన్నారు. ఓడవాళ్ళు ఏ చోట ఎంత ఉప్పుందో చీటీ రాసి పంపారు. ఇప్పుడున్న ఉప్పుని ఆ చీటీతో పోలిస్తే, నేను పోసింది ఎంతో తేలిపోతుంది. పెద్ద సారు తానే చుక్కలు కొలిచి వదిలే గాజు గొట్టం, బ్యూరెట్టు ముందు కూర్చున్నారు. రంగు మందుతో పసుపు చేసిన ఆ నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్క చుక్కా పడుతుంటే, ఇటుక రంగు తిరిగే క్షణం కోసం ముగ్గురం వంగి చూసేవాళ్ళం. ఎన్ని చుక్కలకి రంగు తిరిగితే అంత ఉప్పున్నట్టు. ఏడో సీసాలో మూడో వంతు నాదే. ఎనిమిదోదానిలో ఒక్క చుక్కా నాది లేదు. రెండు శనివారాల్లో పదకొండు సీసాల లెక్కలు దారిన పడ్డాయి. ఇంత తప్పు చేసినవాణ్ణి, ఏ సీసాలో ఎంత వస్తుందోనని ఆత్రంగా కూడా ఉండేది. ఆ మాట ఒప్పుకోవాలి.

పన్నెండో దగ్గర బండి ఆగింది. ఓడవాళ్ళ చీటీలో ఆ సీసా ఎదురుగా ఉప్పు లెక్క లేదు. మంచు మీదికి వస్తోందని హడావుడిగా బకెట్టు లాగేశారట. ఉప్పు మాత్రం మిగతావాటికంటే బాగా తక్కువ ఉంది. ఆ చప్పదనం కరిగిన మంచుదా, నా డబ్బాలోదా? ఉప్పుకి ఆ తేడా తెలియదు. మందు ఎంత పలచబడిందో చూద్దామా అన్నారు పెద్ద సారు. ఓడలో మందు అంచనా మీద పోశారని టీచరమ్మ చెప్పింది. ఆ దారీ మూసుకుపోయింది.

మైక్రోస్కోపు కింద పెడితే అందులో గాజు డబ్బాలు సంత రోజు గోల్‌బజార్‌లో జనంలా కిక్కిరిసి ఉన్నాయి. ఆమె అనుమానం నిజమని కళ్ళకి కనపడుతూనే ఉంది. కాగితం మీద రాయడానికి మాత్రం అంకె లేదు.

కలకత్తా నుంచి ప్రొఫెసరు ఉత్తరం రాశారు. ఆ సీసాలో నీళ్ళు పోయలేదని ఆ మనిషి ఖాయంగా చెబితే అంకె ఉంచండి, లేకపోతే తీసెయ్యండి అని. అంటే అంతా నా నోటి మాట మీదికి వచ్చింది.

నేను పోశానా? పన్నెండోది మొదట ఎక్కడి దాకా ఉందో గుర్తు లేదు. డబ్బా అయిపోయింది పదకొండో సీసా తర్వాతా, పన్నెండోది సగంలో ఉండగానా? భోజనం చేసి వచ్చాక ఇంకో డబ్బా తెచ్చానా? ఎంత తల బాదుకున్నా సైరన్ గుర్తొస్తుంది గాని చెయ్యి ఏం చేసిందో గుర్తు రాదు. పదేళ్ళుగా కళ్ళు మూసుకుని చేసిన పని అది. అలాంటి పని చేశామో లేదో ఎవరికి గుర్తుంటుంది?

గోల్‌బజార్‌లో టీ కొట్టు దగ్గర మిస్త్రీ కనపడితే చెప్పుకున్నాను.

"పోయనేదని సెప్పేయ్" అన్నారు ఆయన టక్కున. "సగం నిజమే గదా. ఎవుడు సూసినాడు? పిల్ల ఉజ్జోగం నిలబడద్ది. ఆ దచ్చిన దురువంలో సీసా సంగతి నీకేటి, నాకేటి?"

"మరి ఆనాడు నన్ను కొట్టినారు గదా, కొలవకుండా రాసినానని?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశారు. "అది బోగీరా" అన్నారు. టీ డబ్బులిచ్చి, "నీ ఇష్టం" అని లేచి వెళ్ళిపోయారు.

శనివారం మధ్యాహ్నం సైకిలు తొక్కుకుంటూ 'పోయలేదమ్మా' అనే మాట నాలుగైదు రకాలుగా అని చూసుకున్నాను. బాగానే కుదిరింది. ల్యాబులో పెద్ద సారు, టీచరమ్మ బల్లకి ఆ పక్క కూర్చున్నారు. ఆమె ముందు కాగితం, దాని మీద పదకొండు అంకెలు, పన్నెండో చోటు ఖాళీ. పెన్ను మూత తీసి ఉంది.

"సెప్పండి అన్నయ్యా. పన్నెండోదాంట్లో పోయలేదు కదా?" ఆమె అడిగిన తీరులోనే జవాబు ఉంది. తలూపితే చాలు.

నేను ఆ ఖాళీ చోటు చూశాను. నా చెంప మీద పాత దెబ్బ చురుక్కుమంది. ఆమె ఇక్కడ అంకె వేస్తే ఎక్కడో ఎవరో చదివి నమ్మేస్తారు. మళ్ళీ కొలవరు.

"తెలీదమ్మా" అన్నాను.

"అంటే?"

"పోసినానో లేదో నాకు తెలీదు. పోయలేదని సెప్దామనే వచ్చినాను. గానీ నాకు తెలీదు."

"ఒక్క మాట సెప్తే ఏటైపోద్ది అన్నయ్యా!" ఆమె లేచి నిలబడింది. "పాడు సేసింది మీరు. బాగు సేసే మాట కూడా సెప్పరా?" కాగితాలు సంచిలో కుక్కుకుని వెళ్ళిపోయింది. పెన్ను మూత బల్ల మీదే ఉండిపోయింది. పెద్ద సారు నన్ను తిట్టలేదు. ఆ రోజు తిట్టి ఉంటే బాగుండేది. నేను సీసాలు కడిగే గదిలోకి వెళ్ళి ఏడ్చాను.

మూడు శనివారాలు ఆమె రాలేదు. పన్నెండో సీసా లేకపోతే థీసిస్‌కి వెన్నెముక లేదని ప్రొఫెసరు వెనక్కి పంపారట. కాలేజీలో ఆ కుర్చీ వేరే ఆయనకి ఇచ్చేశారు. ఈ కబుర్లన్నీ వాళ్ళమ్మ ఆసుపత్రిలో నాకు సూది వేస్తూ చెప్పింది. చెయ్యి మెత్తగా పడలేదు. పడాలని నేనూ కోరుకోలేదు.

నాలుగో శనివారం తలుపు దగ్గర ఆమె గొంతు వినిపించింది. చేతిలో సంచి నిండా ఖాళీ సీసాలు.

"మీ బ్యాటరీ షాపులో నల్లరంగు దొరుకుద్దా అన్నయ్యా?"

బ్యాటరీ పెట్టెలకి పూసే నల్లరంగు డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాను. మంచు సముద్రం అందకపోతే మా రిజర్వాయరే సరి అనుకుందామె. సగం సీసాలకి నల్లరంగు పూసి, సగం అలాగే ఉంచి, రిజర్వాయరు నీళ్ళతోనే నింపి జతలు జతలుగా అందులో వేలాడదీయాలి. వెలుతురు తగిలే సీసాలో మొక్కలు వండుతాయి, ఆక్సిజన్ పెరుగుతుంది. చీకటి సీసాలో వండలేవు, ఉన్న ఆక్సిజన్ తినేస్తాయి. ఆ రెండింటి తేడా చూస్తే రోజుకి ఎంత వండాయో తెలుస్తుంది. బాయిలర్ తుప్పు పట్టకుండా నీళ్ళలో ఆక్సిజన్ చూడటం మా ల్యాబులో రోజువారీ పనే. ఏడాది పాటు వారం వారం ఆ సీసాలు దించింది నేనే, ఎత్తింది నేనే. ప్రతి సీసాకీ ఒక కార్డు. ఒక వారం తాడు తెగి ఒక సీసా మునిగిపోయింది. ఆ కార్డు మీద గీత పెట్టాను. ఆమె ఆ గీత వైపు చూసి, కార్డుని మిగతావాటితో కలిపి పెట్టింది. ఎండాకాలంలో మన ఖరగ్‌పూర్ పాచి రోజుకి ఎంత వండుతుందో తెలిసి ఇద్దరం నోళ్ళు వెళ్ళబెట్టాం.

మరో ఏడాది గడిచాక ఆమెకి థీసిస్ దక్కింది, వేరే ఊళ్ళో ఉద్యోగమూ వచ్చింది. మంచు పక్కన నీళ్ళు పచ్చగా ఉంటాయని తర్వాత ఎంతోమంది చూసి రాశారట. ముందుగా రాయవలసింది ఆమె. నా వల్ల రాయలేకపోయింది. అది నాకు ఇవాళ్టికీ బాధే. ఆ సీసాలో నేను నీళ్ళు పోశానా లేదా అన్నది కూడా ఇవాళ్టికీ తెలియదు.

ఊరు విడిచి వెళ్ళే ముందు ఆమె థీసిస్ పుస్తకం పట్టుకుని ల్యాబుకి వచ్చింది. అంతా ఇంగ్లీషు. ఒక పేజీ తెరిచి వేలు పెట్టి చూపించింది. ఆ ఓడ సీసాల పట్టిక కూడా చివర్లో చేర్చింది: పదకొండు అంకెలు, పన్నెండో చోట ఒక గీత. కింద చిన్న అక్షరాల్లో ఒక ముక్క. చదివి తెలుగులో చెప్పమన్నాను.

"ఈ సీసాలో నీరు కలిసిందో లేదో తెలియదు" అని చదివింది. "పుస్తకంలో మిగతావన్నీ నా మాటలు అన్నయ్యా. ఇదొక్కటి మీది. మీరు సెప్పినట్టే రాసినాను."